అన్ని వయసులకూ ప్రవేశం

1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాల్లో రూపుదిద్దుకున్న పంక్ సంగీతాన్ని, అంటే కొద్దిపాటి వాద్యజ్ఞానంతోనే వేగంగా, బిగ్గరగా పాడే రాక్ సంగీత శాఖను, కుర్రకారు ధిక్కారంగా మాత్రమే లెక్కగట్టడం పరిపాటి. అయితే అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అది వేళ్లూనుకున్న తీరును పరిశీలిస్తే, పదహారు పదిహేడేళ్ల పిల్లలు తమ అవసరం కొద్దీ పెట్టుకున్న నియమాలే వారికి నడివయసు వచ్చాక కూడా ఆ సమాజాన్ని నిలబెట్టాయని స్పష్టమవుతుంది.

ఆ నగరానికి చెందిన టీన్ ఐడిల్స్ అనే బృందం 1980లో విడిపోయేనాటికి, కచేరీల మీద వచ్చిన సొమ్ములో కూడబెట్టినది సుమారు 600 డాలర్లు. దానిని పంచుకోకుండా బృంద సభ్యులైన ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్, నాథన్ స్ట్రెజెక్ డిస్కార్డ్ రికార్డ్స్ అనే సంస్థను నెలకొల్పి, తమ పాటలను 1000 ప్రతులుగా ముద్రించి, వాటి అట్టలను చేత్తో కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించారు. డీఐవై (డూ ఇట్ యువర్ సెల్ఫ్, అంటే మన పని మనమే చేసుకోవడం) అని పిలిచే ఈ పద్ధతిలో పాట రాయడం, రికార్డు చేయడం, అమ్మడం, కచేరీ ఏర్పాటు చేయడం అన్నీ ఆ సమాజం చేతుల్లోనే ఉంటాయి. డిస్కార్డ్ నేటికీ బృందాలతో రాతపూర్వక ఒప్పందాలు లేకుండానే నడుస్తోంది.

సంగీతశాలలు మద్యం అమ్మకం మీద ఆధారపడేవి కనుక మైనర్లను రానిచ్చేవి కావు. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సంగీతశాల మాబుహే గార్డెన్స్‌లో, మద్యం ఇవ్వకూడదన్న గుర్తుగా పిల్లల చేతుల మీద ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపిన పద్ధతిని టీన్ ఐడిల్స్ బృందం వాషింగ్టన్‌కు తెచ్చింది. అప్పటినుంచి అన్ని వయసుల వారికీ ప్రవేశం ఉండాలన్నది ఆ నగరపు పంక్ సమాజానికి మూలసూత్రమైంది. ఈ సమాజాన్ని ఆదర్శవంతంగా చిత్రించడం మాత్రం సరికాదు. 1983 నాటికి వేదిక ముందు కొట్లాటలు పెరిగి, అమ్మాయిలు వెనక్కి నెట్టబడి, తొలితరం వారే పలువురు దూరమయ్యారు. 1985 వేసవిలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ వంటి బృందాలు ఆ హింసను తిరస్కరించి కొత్త బాట పట్టాయి. అదే ఏడాది పాజిటివ్ ఫోర్స్ అనే కార్యకర్తల సంఘం ఏర్పడింది. 1987లో తొలి కచేరీ చేసిన మెకాయ్ బృందం ఫ్యుగాజీ, పేరు ప్రపంచమంతా పాకినా టికెట్ ధరను 5 డాలర్ల చుట్టూనే ఉంచి, సొంత నగరంలో దాదాపు ప్రతి కచేరీనీ ఏదో ఒక సేవాకార్యం కోసమో, నిరసన కోసమో చేసింది.

వయసు మీదపడటమన్నది ఈ సమాజానికి నిజమైన పరీక్ష. రాత్రి పొద్దుపోయాక, మద్యశాలలో, చెవులు చిల్లులు పడేలా సాగే సంగీతం సంసార బాధ్యతలున్న వారికి అందనిది కాక మానదు. ఫ్యుగాజీ 2002 తరువాత విరామంలోకి వెళ్లాక, అంతకుముందే మెకాయ్, అమీ ఫరీనాతో కలిసి ఏర్పరచిన ఈవెన్స్ బృందం గ్రంథాలయాలు, సామాజిక కేంద్రాల వంటి చోట్ల, తక్కువ ధ్వనితో, సొంత పరికరాలతో పాడింది. మైనర్లను దృష్టిలో పెట్టుకుని తెరిచిన తలుపులోంచి ఇప్పుడు తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని రాగలిగారు. ఆ నియమం గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. మరోవైపు నగర గ్రంథాలయం 2014లో పంక్ భాండాగారాన్ని ప్రారంభించి కరపత్రాలను, ఫోటోలను, ధ్వనిముద్రణలను సేకరించింది.

చరిత్రను భద్రపరచడం కంటే కూడా మిన్నగా తోచే పరిణామం మరొకటి ఉంది. పాజిటివ్ ఫోర్స్ సహవ్యవస్థాపకుల్లో ఒకరైన మార్క్ ఆండర్సన్, వాషింగ్టన్‌లోని నిరుపేద వృద్ధుల కోసం వీ ఆర్ ఫ్యామిలీ అనే సంస్థను నడపడంలో ముఖ్యపాత్ర వహించారు. అందులోని స్వచ్ఛంద సేవకులు, వారిలో పంక్ కచేరీల నుంచి వచ్చిన వారు కూడా, ఇంటింటికీ వెళ్లి ముసలివారికి సరుకుల సంచులు అందిస్తూ, కాసేపు కూర్చుని వారి యోగక్షేమాలు కనుక్కుంటారు.