కుళాయి వాషరూ, హ్యామ్ రేడియో, ఒక లైసెన్సు కాగితం

పోస్టు పెద్దది. డ్యూటీ బస్సులో మొదలుపెడితే సగంలోనే సైటు వచ్చేస్తుంది, అందుకని శుక్రవారానికి దాచుకోండి.

పోయినసారి పాత రోజుల ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, ఫోన్ కార్డులు గోక్కుని నంబరు కొట్టడం గురించి రాశాను కదా. దాని కింద ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, సిమ్ లేకుండా, నెట్ లేకుండా, మధ్యలో ఏ కంపెనీ లేకుండా ఇక్కణ్నించి నేరుగా మన దేశానికి మాట్లాడే దారే లేదా?" అని. ఉంది తమ్ముడూ. వందేళ్ల నుంచీ ఉంది. హ్యామ్ రేడియో అంటారు. అందులోనూ దూరాలకు వెళ్లేది హెచ్‌ఎఫ్ సెట్టు. డబ్బులుంటే కొనుక్కోవచ్చు. కానీ కొన్నంత మాత్రాన నీది అయిపోదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ సెట్టు పని చెప్తాను. సైటులో సెక్యూరిటీ వాళ్ల చేతిలో ఉండే వాకీటాకీ ఇది కాదు. వాకీటాకీ మాట నాలుగైదు కిలోమీటర్లు పోతే గొప్ప, మధ్యలో బిల్డింగు అడ్డమొస్తే అదీ లేదు. హెచ్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకూ ఉండే షార్ట్‌వేవ్. ఆ తరంగం పైకి పోయి, వందల కిలోమీటర్ల ఎత్తులో ఎండకు విద్యుత్తు ఎక్కిన గాలిపొరకు తగిలి, వంగి మళ్లీ కిందికి దిగుతుంది. మన సైన్సు పుస్తకంలో ఐనావరణం అని చదివాం చూడండి, అదే. తుబ్లీ నుంచి హైదరాబాద్ దాదాపు 3000 కిలోమీటర్లు. ఆ దూరం దానికి ఒక్క గెంతు. పగలు 14 మెగాహెర్ట్జ్ బాగా పోతుంది, చీకటి పడ్డాక 7 దారిలో పడుతుంది. సెట్టు ఒక టిఫిన్ క్యారియరంత, మామూలుగా 100 వాట్లు. యాంటెన్నా అంటే 14 మెగాహెర్ట్జ్‌కి పది మీటర్ల రాగి తీగ, మధ్యలో కోసి కేబుల్ కలపడమే. మేడ మీద బట్టలారేసే తీగకూ దానికీ చూపుకు పెద్ద తేడా ఉండదు.

కష్టమంతా అక్కడే మొదలవుతుంది. తీగ ఒకటి కట్టి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా సముద్రాలు దాటి మాట్లాడగలడంటే ఏ సర్కారుకైనా గుబులే కదా. అందుకే ప్రతి స్టేషనుకూ ఒక పిలుపు పేరు ఇస్తారు, కాల్‌సైన్ అంటారు. ఆ పేరులో మొదటి అక్షరాలు వింటే చాలు, ఏ దేశమో తెలిసిపోతుంది. మన ఇండియాకి వీయూ. ఇక్కడ బహ్రెయిన్‌కి ఇప్పుడు ఏ9. 1971లో స్వతంత్రం రాకముందు మాత్రం ఎంపీ4బీ. ఖతార్‌కి ఎంపీ4క్యూ, మస్కట్‌కి ఎంపీ4ఎం. అంటే గల్ఫ్ అంతా బ్రిటిష్ వాడి లెక్కలో ఒకే వరస, చివర ఒక్క అక్షరం తేడా. గాల్లో పేరు చెప్పుకునేటప్పుడు కూడా దొర ఎవరో ముందు చెప్పాల్సి వచ్చేది.

మన దేశంలో మొదటి హ్యామ్ లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తా అనే బెంగాలీ ఆయనకు వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం లైసెన్సులున్నవాళ్లలో ఎక్కువమంది తెల్లదొరలూ సైన్యం ఆఫీసర్లే. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చారు. దాని సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడమే నేరం. మాట్లాడకపోయినా సరే, బీరువాలో ఉంటే చాలు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హ్యాములందరూ ట్రాన్స్‌మిటర్లు తెచ్చి పోలీసులకు అప్పగించాలని ఉత్తర్వులొచ్చాయి. వాళ్ల భయం ఉత్తుత్తి భయమేం కాదని 1942లో తేలింది. క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా, ఆమె తోటివాళ్లు ముంబైలో కాంగ్రెస్ రేడియో అని దొంగచాటు స్టేషను పెట్టి, పోలీసులకు దొరక్కుండా ఇళ్లు మారుతూ దాదాపు మూడు నెలలు నడిపారు. సెట్టు కట్టి నడపడానికి సాయం చేసినవాళ్లలో హ్యాములున్నారు. దొరికాక ఆమెకు నాలుగేళ్లు జైలు.

దొరలు పోయారు. చట్టం ఉండిపోయింది. నా లెక్కలో అది పూర్తిగా తప్పని కూడా అనలేను. విమానాలు, ఓడలు, సైన్యం అదే గాలి వాడుకుంటాయి, ఎవడు పడితే వాడు అరిస్తే కుదరదు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు రోజుల్లో అనుమానంగా చూసిన ఆ సెట్టునే, తీగలన్నీ తెగిపోయిన రోజున అందరూ వెతుక్కున్నారు.

కువైట్ గుర్తుందా? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. బయటి ప్రపంచంతో ఫోన్లు తెగిపోయాయి. అప్పుడక్కడ మనవాళ్లు లక్షన్నరకు పైనే. కడప, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో మనిషి ఉన్నాడో లేడో తెలియని రోజులవి. ఎయిరిండియా అమ్మాన్ నుంచి లక్షా పదివేల మందికి పైగా మనుషుల్ని తీసుకొచ్చింది, అది మనందరికీ తెలిసిన కథ. తెలియనిది ఇంకోటుంది. అబ్దుల్ జబ్బార్ మరాఫీ అనే కువైటీ హ్యామ్, కాల్‌సైన్ 9కే2డీజెడ్, హెచ్‌ఎఫ్ సెట్టుకు కంప్యూటర్ కలిపి, మాట బదులు అక్షరాలుగా లోపలి కబుర్లు బయటికి పంపాడు. దొరికితే ప్రాణం దక్కదని తెలిసి చేశాడు. మాట్లాడితే గొంతు పట్టిస్తుంది, అక్షరాలైతే ఎవరు పంపారో చెవికి తెలియదు.

మాది నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19 ఉప్పెన అంటే మా ఇళ్లలో ఇప్పటికీ మాట తగ్గించి చెప్తారు. పదివేల మందికి పైగా పోయారు. టెలిఫోన్ స్తంభాలు, టెలిగ్రాఫ్ తీగలు, రోడ్లు అన్నీ పోయాయి, దివిసీమలో ఎంత నష్టమో బయటికి తెలియడానికే రోజులు పట్టింది. మా పెదనాన్న అప్పుడు హైదరాబాద్‌లో తాపీపని చేసేవాడు. ఇంట్లోవాళ్లు బతికున్నారన్న కబురు ఆయనకు చేరింది తొమ్మిదో రోజున, అదీ ఎవరో లారీ డ్రైవరు నోటి మాటగా. ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక సెట్టు అవనిగడ్డలో ఉండుంటే అదే సాయంత్రం తెలిసేదే అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఆ తర్వాత ఆరేళ్లకు, 1983లో, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. మొదలుపెట్టినాయన ఎస్. సూరి, వీయూ2ఎంవై. రాజ్‌భవన్ రోడ్డులో ఉంటుంది ఆఫీసు. పిల్లలకు మోర్స్ నేర్పడం, పరీక్షలకు తయారుచేయడం, తుపాను వస్తే సెట్లు పట్టుకుని వెళ్లడం వాళ్ల పని. వాళ్ల కథల్లో పెద్దది అండమాన్‌ది.

అండమాన్ దీవులు సైన్యానికి ముఖ్యమైన చోటు కాబట్టి అక్కడ హ్యామ్ రేడియోకి చాలా ఏళ్లు అనుమతే లేదు. ప్రపంచంలో హ్యాములకు అదొక అరుదైన చోటు. స్టాంపులు పోగేసేవాడికి దొరకని స్టాంపు ఎలాగో, అలా. ఆ అనుమతి కోసం పట్టు వదలకుండా తిరిగింది భారతీ ప్రసాద్ అనే ఆవిడ, వీయూ2ఆర్‌బీఐ. 2004 డిసెంబర్ మొదట్లో ఇన్‌స్టిట్యూట్ బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్లో స్టేషను పెట్టారు. కాల్‌సైన్ వీయూ4ఆర్‌బీఐ. మూడు వారాలు ప్రపంచమంతా ఎగబడింది, వేలకు వేల కాంటాక్టులు. ఇదంతా సరదాయే, ఎవరికీ పైసా లాభం లేదు.

డిసెంబర్ 26 ఆదివారం పొద్దున్నే భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు పోయాయి. సరదా కాంటాక్టులు అక్కడితో ఆపేసి ఆ సెట్ల మీదే ప్రధాన భూభాగంతో కబుర్లు నడిపారు. సర్కారు ఆఫీసుల మాటలూ, ఫలానా వాళ్లు క్షేమం అన్న మాటలూ ఆ తీగ మీదే. తర్వాత నికోబార్ వైపు కూడా స్టేషను పెట్టారు. భద్రత కోసమని ఏళ్లకేళ్లు వద్దన్న సెట్టే, ఇచ్చిన నెలలోపే సర్కారుకు చెవీ నోరూ అయింది. మా పెదనాన్నకు ఈ కథ చెప్తే కాసేపు ఏమీ అనలేదు. "మాకప్పుడు లారీవాడే హ్యామ్" అన్నాడు.

కాగితం సంగతి అలా ఉంచండి, రెండో అడ్డు ధర. 1980ల దాకా మన హ్యాముల్లో చాలామందికి సైన్యం అమ్మేసిన పాత వాల్వు సెట్లే గతి. 1984లో విదేశీ సెట్ల మీద సుంకం తీసేశారు, ఆ పని జరగడానికి కారణం రాజీవ్ గాంధీ, ఆయన కూడా హ్యామే, వీయూ2ఆర్‌జీ. సుంకం పోయినా ఐకామ్, యేసు, కెన్‌వుడ్ లాంటి జపాన్ సెట్టు మామూలు జీతగాడికి అందేది కాదు. ఇప్పటికీ కొత్త 100 వాట్ల సెట్టంటే మనలాంటి వాళ్లకు కొన్ని నెలల జీతం, తిండి మానేస్తేనే.

ఇక్కడే మన హైదరాబాదీ ఒకాయన వస్తాడు. పేరు అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లో లామకాన్ అని నాటకాలూ ముచ్చట్లూ జరిగే చోటుంది, దాన్ని పెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. 2000 దాటాక తొలి ఏళ్లలో ఆయన బిట్‌ఎక్స్ అని ఒక చిన్న హెచ్‌ఎఫ్ సెట్టు రూపొందించాడు. 14 మెగాహెర్ట్జ్, ఆరు వాట్లు. విదేశీ సర్క్యూట్లలో కాయిల్ చుట్టడానికి టొరాయిడ్ అని గాజులాంటి రింగు కావాలి, అది మన బజార్లో దొరకదు. దాని బదులు ఆయన వాడిందేమిటో చెప్తే ప్లంబర్ తమ్ముళ్లు నవ్వుతారు. కుళాయి వాషర్! లీకు ఆపడానికి మనం రోజూ బిగించే ప్లాస్టిక్ వాషరే. దాని మీద రాగి తీగ చుట్టి రేడియో చేశాడు. మిగతా సామానూ టీవీ రిపేరు షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరికేదే. సర్క్యూట్ మొత్తం ఎవరైనా కట్టుకోమని ఊరికే ఇచ్చేశాడు. దేశదేశాల్లో జనం కట్టుకున్నారు. ఆరు వాట్లంటే మన రూమ్ బాత్రూమ్ బల్బంత, దాంతో ఖండాలు దాటి మాట్లాడారు.

కట్టుకోవడం రానివాళ్ల కోసం 2016 చివర నుంచి తయారైన బోర్డులే అమ్మడం మొదలుపెట్టారు, తర్వాత హెచ్‌ఎఫ్ మొత్తం పట్టే మైక్రో బిట్‌ఎక్స్ వచ్చింది. ఆ బోర్డుల కాయిళ్లు హైదరాబాద్‌లో ఆడవాళ్లు చేత్తో చుట్టినవి. అమెరికాలో, యూరప్‌లో ముసలి హ్యాములు పెట్టె విప్పి ఆ చుట్ల నీటు చూసి మెచ్చుకుంటారు. మన ఊళ్లలో చేతిపని చేసేవాళ్లకు ఇంత దూరం పేరు రావడం నాకు చాలా బాగా నచ్చిన సంగతి.

ధర అడ్డు అలా కాస్త కూలింది. కాగితం అడ్డు కూలలేదు, అందుకే మీకు గట్టిగా చెప్తున్నా. మాకు తెలిసిన తమ్ముడొకడు నెట్‌లో సెకండ్ హ్యాండ్ సెట్టు కొని, లగేజీలో పెట్టుకుని సెలవుకు వెళ్లాడు. అక్కడ ఎయిర్‌పోర్టులో ఆపారు. లైసెన్సు ఏదన్నారు. లేదు. సెట్టు అక్కడే ఉండిపోయింది, తమ్ముడు నాలుగు గంటలు లేటుగా బయటపడ్డాడు, బయట వాళ్లమ్మ ఏడుస్తూ కూర్చుంది. వాకీటాకీలూ ఇదే లెక్క, పిల్లలకు బొమ్మలని పట్టుకుపోకండి. ఇక్కడ బహ్రెయిన్‌లో కూడా హ్యామ్ స్టేషనుకు ఇక్కడి అనుమతే కావాలి, మన ఇండియా లైసెన్సు చూపించి మేడ మీద తీగ కడితే కుదరదు. క్యాంపు బాస్ సంగతి వేరే చెప్పాలా.

ఇంకో మాట. హ్యామ్ అంటే ఇంటికి ఫోను కాదు. అవతల మాట్లాడేవాడికీ లైసెన్సు ఉండాలి. వ్యాపారం మాటలు కూడదు, రహస్యం కూడదు, నువ్వు చెప్పేది ప్రపంచంలో ఎవడైనా వింటాడు. భార్యాభర్తల మాటలకు వాట్సాపే మేలు.

లైసెన్సు మరీ అందని పండేం కాదు. ఇండియాలో పన్నెండేళ్లు దాటిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. కరెంటు, రేడియో మూలసూత్రాలు కొంత, రూల్సు కొంత. కింది గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు ఓమ్స్ లా, కెపాసిటర్, ట్రాన్స్‌ఫార్మర్ కొత్తవి కావు కదా, సగం సిలబస్ మీ చేతుల్లోనే ఉంది. నేను వచ్చే సెలవుకు రాద్దామని చదువుతున్నాను. పై బంకు మీద పడుకుని రూల్సు బట్టీ పడుతుంటే కింది బంకు అన్న "కలెక్టరు పరీక్షా?" అని ఎగతాళి. కానివ్వండి.

వినడానికైతే సెట్టే అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్లు ఒక షార్ట్‌వేవ్ రిసీవర్ని నెట్‌లో పెట్టారు, వెబ్‌ఎస్‌డీఆర్ అంటారు. ఫోన్‌లో తెరిచి మీరే ట్యూను తిప్పుకోవచ్చు, డబ్బులు లేవు. నా దగ్గర చిన్న షార్ట్‌వేవ్ రేడియో ఉంది గానీ రూమ్‌లో ఏసీలు, చవక ఎల్ఈడీ లైట్ల గోలకి ఏమీ వినపడదు. తెల్లవారుజామున మేడ మీద, తుబ్లీ అఖాతం వైపు తిరిగి పెడితే కొంచెం నయం.

వెబ్‌ఎస్‌డీఆర్‌లో 14 మెగాహెర్ట్జ్ పైన, 14.1 నుంచి 14.35 మధ్య తిప్పండి. వీయూ2 అనో వీయూ3 అనో వినబడితే మనవాళ్లు, ఏ9 అంటే ఈ దేశం వాళ్లు. యూఎస్‌బీ అన్న బటన్ నొక్కడం మర్చిపోకండి, అది పెన్‌డ్రైవు యూఎస్‌బీ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్. నొక్కకపోతే మనిషి మాట బాతు అరిచినట్టు వినబడుతుంది. 7 మెగాహెర్ట్జ్‌కి వస్తే మాత్రం ఎల్ఎస్‌బీ నొక్కాలి.