మూడు తీగల మాట

2021 సెప్టెంబర్ 26 సాయంత్రం గులాబ్ తుఫాను మా కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. నేను హైదరాబాద్‌లో నైట్ డ్యూటీలో ఉన్నాను. అమ్మ ఫోన్ కలవట్లేదు. అదే రాత్రి, సముద్రాల అవతల ఓ సర్వర్ కూడా నెట్‌వర్క్ నుంచి మాయమైంది.

దాన్ని మాత్రం పలకరించగలిగాను. సర్వర్ వెనక సీరియల్ పోర్టు నుంచి ఒక కేబుల్ కన్సోల్ సర్వర్‌కి వెళ్తుంది. దాని నెట్‌వర్క్ వేరు. ఇంటికి దొడ్డిగుమ్మం లాంటిదనుకోండి. వీధి తలుపు పడిపోయినా అటునుంచి లోపలికెళ్లి, సర్వర్ ముందే కూర్చున్నట్టు మాట్లాడొచ్చు. పంపడానికొకటి, అందుకోడానికొకటి, గ్రౌండ్ ఒకటి. మూడు తీగలు చాలు.

ఇది టెలిగ్రాఫ్ వారసత్వమే. వేగాన్ని కొలిచే ‘బాడ్’ ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చింది. సీరియల్ పోర్టుకి ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. లినక్స్‌లో నేటికీ టెర్మినల్‌ని ‘టీటీవై’ అంటారు, అంటే టెలిటైప్. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది. దాని మనవడు డేటా సెంటర్లలో ఇంకా బతికే ఉన్నాడు.

ఎంటర్ నొక్కాను. ‘లాగిన్’ అని అడిగింది. తెల్లారాక అమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసింది. “కరెంటు నేదురా, మేం బాగానే ఉన్నాం.”

యంత్రం మూగబోతే పలకరించడానికి రెండో దారి ముందే వేసుంచాం. వంశధార ఒడ్డునున్న అమ్మ దాకా నాకున్నది ఒక్క దారే.