అటక మీది పాత హార్డ్ డిస్క్: ఖాళీగా కనిపిస్తే ఖాళీ అనుకోవద్దు

రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊర్గాం, ఛాంపియన్ రీఫ్ వైపు కొన్ని ఇళ్లలో 1990ల నాటి కంప్యూటర్ డబ్బాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. పిల్లలేమో "ఇందులో ఏముంది, పాత ఇనుముకు వేసేద్దాం" అంటారు. వేసేముందు ఈ వ్యాసం చదవండి. కొంచెం పొడుగే, కాని పని ఉన్న విషయం.

ఆ డిస్క్‌ను తీసి ఇప్పటి కంప్యూటర్‌కు తగిలిస్తే ఒక్కోసారి వింతగా కనిపిస్తుంది. నాలుగైదు చిన్న ఫైళ్లు తప్ప ఏమీ ఉండవు. దాచిన ఫైళ్లను కూడా చూపించమంటే ఒక పెద్ద ఫైలు బయటపడుతుంది. దాని పేరు డీబీఎల్‌స్పేస్, చుక్క, మూడు సున్నాలు. లేదా డీఆర్‌వీస్పేస్, చుక్క, మూడు సున్నాలు. తెలియనివాళ్లు దాన్ని చెత్త అనుకుని డిలీట్ కొడతారు. నిజానికి ఆ ఇంటి సరుకంతా అందులోనే ఉంది. రైల్వే పార్సెల్ భాషలో చెప్పాలంటే, వందల మూటలు కలిపి సీలు వేసిన ఒకే పెద్ద సంచి అది.

ఈ సంచి ఎందుకు పుట్టిందో చెప్తాను. 1990ల మొదట్లో ఇంటి కంప్యూటర్‌లో 40 లేదా 80 మెగాబైట్ల డిస్క్ మామూలు. ఈనాడు ఫోన్‌లో తీసే పది పదిహేను ఫోటోలకే అది సరిపోదు. 1992లో విండోస్ 3.1 వచ్చింది. అది, దాని మీద ఒక వర్డ్ ప్రాసెసర్, ఒక లెక్కల ప్రోగ్రాం వేస్తే డిస్క్ సగం నిండిపోయేది. కొత్త డిస్క్ కొనాలంటే జీతగాడికి భారం. అప్పుడు అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మింది. ఉన్న డిస్క్‌లోనే రెట్టింపు సరుకు పడుతుందని చెప్పింది. 1991లో వచ్చిన డీఆర్ డాస్ 6లో కూడా సూపర్‌స్టోర్ అనే ఇలాంటిదే కలిపి ఇచ్చారు.

ఇందులో మాయ లేదు. దీనికి మూలం 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ పండితులు ప్రకటించిన పద్ధతి. సభ్యుల జాబితాలో "రాబర్ట్‌సన్‌పేట, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్" అని వరుసగా ప్రతి పేరు కిందా ఉందనుకోండి. మొదటిసారి పూర్తిగా రాస్తుంది. రెండోసారి నుంచి "ఇన్ని అక్షరాలు వెనక్కి పో, అక్కడి నుంచి ఇన్ని అక్షరాలు తీసుకో" అని చిన్న గుర్తు మాత్రం పెడుతుంది. తెరిచినప్పుడు మళ్లీ పూర్తిగా విప్పి చూపిస్తుంది. ఉత్తరాలు, జాబితాలు బాగా కుదించుకుపోతాయి. ముందే జిప్ చేసిన ఫైలు మాత్రం ఇంకేం కుదించుకోదు.

మొదటి చిక్కు ఇక్కడే వచ్చింది. "ఇంకా 30 మెగాబైట్లు ఖాళీ" అని తెర మీద కనిపించేది. 20 మెగాబైట్ల ఫైలు వేయబోతే "డిస్క్ నిండింది" అనేది. జనం కంప్యూటర్ చెడిపోయిందనుకున్నారు. చెడిపోలేదు. ఆ 30 అనేది అంచనా మాత్రమే. రాబోయే సరుకు కూడా సగానికి కుదుతుందని లెక్కగట్టి చూపించిన అంకె. మన గనుల ఊరివాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రాతి ముక్క పరీక్ష చేసి టన్నుకు ఇన్ని గ్రాములు అని అంచనా వేస్తారు. మిల్లులో వేశాక ఎంత బంగారం దిగిందన్నదే అసలు లెక్క.

1993 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్-డాస్ 6.0లో డబుల్‌స్పేస్ అనే పేరుతో ఈ సౌకర్యాన్ని కలిపి ఇచ్చింది. దాంతో స్టాకర్ కొననివాళ్ల చేతికి కూడా ఇది వచ్చింది. అంతకుముందే స్టాక్ కంపెనీతో మైక్రోసాఫ్ట్ లైసెన్సు చర్చలు జరిపింది, కుదరలేదు. 1993 జనవరిలో స్టాక్ కోర్టుకెక్కింది. 1994 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీ తీర్పు వచ్చింది. పేటెంట్లను ఉల్లంఘించినందుకు మైక్రోసాఫ్ట్ 12 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఎదురు దావాలో వ్యాపార రహస్యం వాడుకున్నందుకు స్టాక్ 1.36 కోట్ల డాలర్లు ఇవ్వాలి. అదే ఏడాది జూన్‌లో ఇద్దరూ రాజీ పడ్డారు.

ఆ గొడవ మన అటక దాకా వచ్చింది. తీర్పు తర్వాత వచ్చిన 6.21లో డబుల్‌స్పేస్ తీసేశారు. 1994 మధ్యలో వచ్చిన 6.22లో వేరే పద్ధతితో డ్రైవ్‌స్పేస్ అని పేరు మార్చి పెట్టారు. అందుకే ఒకరి డిస్క్‌లో ఆ పెద్ద ఫైలుకు ఒక పేరు, ఇంకొకరి డిస్క్‌లో ఇంకో పేరు. స్టాకర్ వాడినవాళ్లకు స్టాక్‌వోల్, చుక్క, డీఎస్‌కే అని కనిపిస్తుంది. విప్పే పనిముట్టు ఏదో ఆ పేరే చెప్తుంది.

ఇక కరెంటు సంగతి. శివనసముద్రం నుంచి 1902లోనే మన గనులకు కరెంటు వచ్చింది. బెంగళూరు ఊరికి వచ్చింది 1905లో. అయినా 1990ల్లో జిల్లాలో కరెంటు కోతలు మామూలే, అందరి దగ్గరా యూపీఎస్ ఉండేది కాదు. ఎంఎస్-డాస్ 6.0లో స్మార్ట్‌డ్రైవ్ అనే ఇంకో సౌకర్యం ఉండేది. మీరు సేవ్ కొట్టినా వెంటనే డిస్క్ మీద రాయకుండా కొన్ని సెకన్లు మెమరీలో ఆపుకునేది. పని అయిపోయినట్టు తెర మీద కనిపించేది. ఆ సెకన్లలో కరెంటు పోతే, లేదా మీరే స్విచ్ ఆపితే, రాత సగంలో ఆగిపోయేది.

మామూలు డిస్క్‌లో అలా జరిగితే ఒకటి రెండు ఫైళ్లు పోతాయి. కుదించిన డిస్క్‌లో సరుకంతా ఒకే ఫైలు. దాని లోపలి పట్టికకు దెబ్బ తగిలితే చాలా ఫైళ్లకు దారి తప్పుతుంది. డబుల్‌స్పేస్ డేటా తినేస్తుందని ప్రపంచమంతా చెడ్డపేరు వచ్చింది. నిజానికి తప్పు దానిదొక్కదానిదే కాదు. స్మార్ట్‌డ్రైవ్ ఆలస్యం, ముందునుంచే అరిగిన డిస్క్, మెమరీని పాడుచేసే వేరే ప్రోగ్రాములు కూడా కారణం. అందుకే 1993 చివర్లో వచ్చిన 6.2లో డిస్క్ లోపలి పట్టికను, డిస్క్ పైభాగాన్ని పరీక్షించే స్కాన్‌డిస్క్ ఇచ్చారు. మెమరీ చెడితే పట్టుకునే డబుల్‌గార్డ్ ఇచ్చారు. రాయాల్సింది రాసేశాకే కమాండ్ ప్రాంప్ట్ వచ్చేలా స్మార్ట్‌డ్రైవ్‌ను మార్చారు.

ఈ కథ ముగిసింది డిస్క్‌లు చవకైనందువల్లే. విండోస్ 95లో, 98లో డ్రైవ్‌స్పేస్ ఉంది. కాని 1996లో వచ్చిన ఫ్యాట్32 డిస్క్‌ల మీద అది పనిచేయదు. విండోస్ ఎక్స్‌పీ అయితే ఈ సంచిని విప్పనే విప్పదు. ఎక్స్‌పీ వచ్చింది 2001 అక్టోబర్‌లో. అదే ఏడాది ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. ఎన్నో కుటుంబాలు ఊరు విడిచాయి, పాత సామాను అటకెక్కింది. పాత డిస్క్‌ను చదవలేని కంప్యూటర్ రావడం, ఆ డిస్క్‌లో రాసుకున్నవాళ్లు చెదిరిపోవడం ఒకే ఏడాదిలో జరిగాయి.

అందుకే అడుగుతున్నాను. ఆ సంచుల్లో సంఘాల సభ్యుల జాబితాలు, చందా లెక్కలు, పెళ్లి పిలుపుల పేర్లు, నాటకాల రాతప్రతులు, వీఆర్‌ఎస్ అర్జీలు ఉండవచ్చు. గని లైన్లలో ఏ ఇంట్లో ఎవరుండేవారో చెప్పే కాగితం రేపు మనకు ఇంకెక్కడా దొరకకపోవచ్చు.

చేయవలసింది ఇది. ఒకటి, పాత కంప్యూటర్‌ను ఊరికే ఆన్ చేసి చూడకండి, ఫార్మాట్ అసలే వద్దు. రెండు, డిస్క్‌ను జాగ్రత్తగా విప్పి, తెలిసినవాళ్ల చేత మొత్తం డిస్క్‌కు నకలు తీయించండి. మరీ పాత డిస్క్‌లను కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు గుర్తించవు. ఒకటి పలకలేదని డిస్క్ చచ్చిందనుకోకండి. మూడు, ఏం చేసినా నకలు మీదే చేయండి. స్కాన్‌డిస్క్ చేసే మరమ్మతు కూడా నకలు మీదే. నాలుగు, డబుల్‌స్పేస్, డ్రైవ్‌స్పేస్ రెండింటినీ విండోస్ 98 చదువుతుంది. ఇప్పటి కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషిన్ పెట్టి అందులో దాన్ని నడపవచ్చు. స్టాకర్ సంచికి మాత్రం స్టాకర్ లాంటి వేరే పనిముట్టు కావాలి.

ఐదోది మన తెలుగువాళ్లకు ముఖ్యం. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. "పాడైపోయింది" అని తీసేయకండి. అదే డిస్క్‌లో ఉన్న ఫాంట్ ఫైళ్లను కూడా కాపీ చేసుకోండి. ఆ ఫాంట్ వేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి.

మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే కింద ఒక మాట రాయండి. కంప్యూటర్ చదువు చదివిన పిల్లలు మన సంఘంలో చాలామంది ఉన్నారు, ఒక ఆదివారం కూర్చుంటే నాలుగు డిస్క్‌లకు నకలు తీయవచ్చు. పాత ఇనుముకు వేస్తే మీకొచ్చేది కొన్ని రూపాయలే.