వేసవి బడిలో నాటకం గంట

స్వర్ణోత్సవ సంచికలో ఎవరేం రాయాలో పంచుకునేటప్పటికి కట్టడాల చరిత్ర అయ్యగారికి, పాటల చరిత్ర క్వయర్ మాస్టారికి, జమాఖర్చులు కోశాధికారికి వెళ్లిపోయాయి. ఎవరూ అడగని నాటకం నా వంతుకొచ్చింది. అసలు మన వేసవి బైబిలు పాఠశాలలో నాటకం పుట్టిందే అలా మిగిలిపోయిన గంటలో. ప్రార్థన, పాటలు, కథ, కంఠత వాక్యం, చేతిపని అన్నీ అయ్యాక మజ్జిగ కుండ వచ్చేదాకా పిల్లల్ని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. "ఏదో ఒకటి ఆడించండి మాస్టారూ" అన్నారట. ఆ ఏదో ఒకటికి ఇప్పుడు యాభై ఏళ్లు.

సెలవుల్లో బైబిలు బడి పెట్టే పద్ధతి మాత్రం అమెరికాది. 1894లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హోప్‌డేల్ ఊళ్లో మైల్స్ అనే పంతులమ్మ అలాంటి బడి నడిపారు. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆవిడ ఈస్ట్ సైడ్ పేటల్లోని పేద పిల్లల కోసం ఒక బీరు దుకాణాన్ని అద్దెకు తీసుకుని అందులో బడి పెట్టారు. తర్వాత రాబర్ట్ బోవిల్ ఆ పద్ధతిని చేపట్టి నగరమంతా పాకించారు. బీరు దుకాణంలో బైబిలు బడి అంటే మన స్త్రీల సమాజం ఒప్పుకునేదా అని నాకెప్పుడూ అనుమానమే.

నాటకం మాత్రం ఓడెక్కి రాలేదు. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టారు. ఆ మిషన్ 1885లో ఇక్కడ కాలేజీ పెట్టింది, అదే తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. అదే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించి సురభి నాటక సమాజాలకు పునాది వేశారు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు ఆ సంవత్సరం ముచ్చటగా అనిపిస్తుంది, అంతే. సంబంధం తర్వాత కుదిరింది. ఎన్.టి. రామారావు, కొంగర జగ్గయ్య విద్యార్థులుగా నాటకాలు వేసింది ఈ ఏ.సి. కాలేజీలోనే. ఆడవేషాలకు పేరుమోసిన స్థానం నరసింహారావు బాపట్ల మనిషి. రాత్రంతా తిరునాళ్లలో 'హరిశ్చంద్ర' చూసిన మనిషే ఆదివారం ఉదయం మన గుడిలో కూర్చునేవాడు, కొంచెం నిద్రమత్తుతో. ఆ నాటకంలో కాటిసీను రాగానే నటులు ఎత్తుకునే పద్యాలు గుర్రం జాషువా గారివి. వినుకొండలో క్రైస్తవుల ఇంట 1895లో పుట్టి, గుంటూరు లూథరన్ ట్రైనింగు స్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కవి రాసిన శ్మశానవాటి పద్యాలు పౌరాణిక నాటకంలోకి వెళ్లి కూర్చున్నాయి. ప్రేక్షకులు వాటికి వన్స్‌మోర్లు కొట్టారు. ఈ జిల్లాలో గుడికీ రంగస్థలానికీ మధ్య గోడ ఎప్పుడూ అంత ఎత్తుగా లేదు.

అలాగని అందరూ ఒప్పుకున్నారనుకోకండి. "గుడి ఆవరణలో వేషాలేమిటి" అన్న పెద్దలు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పడానికి, నాటకం మొదలుపెట్టిన మన పెద్ద మాస్టారు దోర్నకల్లు పేరెత్తేవారట. 1912 డిసెంబరు 29న దోర్నకల్లు బిషప్పు అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు, తన పల్లె సంఘాల్లో భజనలనూ కథాగానాన్నీ జానపద నాటకాన్నీ ప్రోత్సహించారు. చదువు రాని సంఘానికి వాక్యం పుస్తకంలోంచి కాక చెవిలోంచీ కంట్లోంచీ ఎక్కాలని ఆయనకు తెలుసు. ఆ మాట మీద పెద్దలు మెత్తబడ్డారు గానీ ఒక షరతు పెట్టారు. యేసు వేషం ఎవరూ వేయకూడదు. ఆయన మాట్లాడాల్సిన చోట తెర వెనక నుంచి గొంతు వినపడాలి. 1978లో 'కరుణామయుడు' సినిమా వచ్చి యేసు వేషంలో విజయచందర్‌ను చూశాక ప్రతి కుర్రాడూ ఆ వేషమే అడిగాడట. షరతు మాత్రం సడలలేదు. ఇప్పటికీ సడలలేదు, సడలకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇద్దరు పిల్లలు కొట్టుకోవాల్సిన వేషం కాదది.

పెద్ద మాస్టారు తెలుగు పండితులు. హార్మోనియం ఆయనే వాయించేవారు. ఆయన హయాంలో గొల్యాతు అచ్చం దుర్యోధనుడిలా తొడగొట్టి పద్యం ఎత్తుకునేవాడని, గొల్యాతు పడిపోయాక కూడా వన్స్‌మోర్ అంటే లేచి మళ్లీ పాడి మళ్లీ పడేవాడని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆయన తర్వాత ఎవరెవరో చేశారు. ఆ తర్వాత నాకు అంటగట్టారు. నేను ట్యుటోరియల్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, నాకు రాగం రాదు. కాబట్టి నా హయాంలో పద్యం పోయింది, మాట మిగిలింది.

జీతం లేని ఈ ఉద్యోగంలో మొదటి పని ట్రంకుపెట్టె తెరవడం. నాఫ్తలీన్ ఉండల వాసన, దాని కింద యాభై ఏళ్ల సామాను. ఎలాస్టిక్కు కట్టిన దూది గడ్డాలు, బంగారు కాగితం అంటించిన అట్ట కిరీటాలు, యెరూషలేము స్త్రీల ముసుగులకని ఎవరో ఇచ్చిన పాత వాయిలు చీరలు, గొర్రెల కాపరుల తలపాగాలకు టర్కీ తువ్వాళ్లు. గొల్యాతు ఈటె అంటే మన గుడి బూజుకర్రే, పని కాగానే మళ్లీ దూలాల మీదికి వెళుతుంది. మే నెల గుంటూరు ఎండలో దూది గడ్డం పెట్టుకుని మోషే పాత్ర వేయడం ఎంత కష్టమో వేసినవాళ్లకే తెలుసు. చెమటకు దూది తడిసి నోట్లోకి వస్తుంది. పది ఆజ్ఞల్లో నాలుగు చెప్పేసరికి మోషే ఉమ్మడం మొదలుపెడతాడు.

రెండో పని వేషాలు పంచడం. బడికి వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ముగింపు రోజున ఎక్కాల్సిందే. ఇది పెద్ద మాస్టారి కాలం నుంచీ ఉన్న నియమం. అందుకే మన బడి నోవహు కథను ఇష్టపడుతుంది, ఎంతమంది చిన్నపిల్లలొచ్చినా జంతువులకు కొదవ లేదు. జక్కయ్య కథకు ఆవరణలోని వేపచెట్టే మేడిచెట్టు. ఆ కథ వేసే ఏడాది మాత్రం అందరూ జక్కయ్యలే, జనసమూహంలో నిలబడేవాడు దొరకడు.

మనకు వచ్చే పిల్లల్లో చాలామంది మిర్చి యార్డు చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు. తండ్రులు ముఠాపని, తల్లులు మిరపకాయల తొడిమలు తీసే పని. మే నెలలో యార్డుకు సెలవులు కాబట్టి ముగింపు కార్యక్రమానికి తండ్రులు కూడా వస్తారు. ఈ ఒక్క సంగతి మన నాటకాన్ని ఎంత మార్చిందో ఒక ఉదాహరణ చెబుతాను.

ఓ ఏడు తప్పిపోయిన కుమారుడి కథ ఎంచుకున్నాం, లూకా 15వ అధ్యాయం. కొడుకు చిరిగిన చొక్కాతో పందుల దగ్గర్నుంచి లేచి ఇంటిదారి పట్టాడు. దూరాన్నే చూసిన తండ్రి పరుగెత్తుకు వెళ్లాలి. తండ్రి వేషం ముఠామేస్త్రి కొడుకుది, ఏడో తరగతి చదువుతున్నాడు.

"ఊఁ, పరిగెత్తు" అన్నాను.

కదల్లేదు. "నాన్న పరిగెత్తడండీ" అన్నాడు.

"ఎందుకని?"

"నాన్నలు పరిగెత్తరండీ. వాడే వచ్చి కాళ్ల మీద పడాలి."

పందుల వేషాల్లో మోకాళ్ల మీదున్న చిన్నవాళ్లు కూడా తలలెత్తి అవునన్నారు. దాసి వేషంలో ఉన్న ఓ పిల్ల నెమ్మదిగా అంది, "మా అన్న స్టేషన్ నుంచి వచ్చినప్పుడు నాన్న లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అమ్మే పరిగెత్తింది." దాంతో ఆడపిల్లలంతా ఒక్కటై ఈ కథలో అమ్మ ఏదని నిలదీశారు. కథలో అమ్మ లేదు. అయ్యగారిని అడిగొస్తానని తప్పించుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వాక్యానికి మనం ఏమీ కలపకూడదు, అయితే కొవ్విన దూడను వండింది ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నారు. అలా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడే అమ్మ వచ్చింది. ఆమెకు మాటల్లేవు.

పరుగు సంగతి మాత్రం తేల్లేదు. కోపం వచ్చిన తండ్రి, బెంగపెట్టుకున్న తండ్రి ఒకే మనిషిలో ఉంటే ఎలా నడుస్తాడో చూపించమని వదిలేశాను. రెండు రోజులు వాడు వేపచెట్టు కింద తనలో తాను నడుచుకున్నాడు. మూడో రోజు చేసి చూపించాడు. లేస్తాడు. కొడుకు వైపు చూడడు, గుమ్మంలో ఉన్న అమ్మ వైపు చూస్తాడు. నాలుగడుగులు మామూలుగా వేస్తాడు. తర్వాత పంచె రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుంటాడు. అక్కడి నుంచి ఇక ఆగడు. ముగింపు రోజున పంచె ఎగ్గట్టగానే మగవాళ్ల వైపు నుంచి నవ్వులొచ్చాయి. ఒక చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా వెళ్లి కొడుకుని వాటేసుకునేసరికి ఆ నవ్వులు ఆగాయి. తర్వాత ప్రసంగించాల్సిన అయ్యగారు ప్రార్థన చేసి ముగించేశారు. మన నాటకానికి ఇంతకన్నా పెద్ద బహుమతి నేను చూడలేదు.

ఇలాంటిది రాసిచ్చిన డైలాగుల్లోంచి రాదు. అందుకే మనం కాగితం ఇవ్వం. కథ మూడుసార్లు చదివి వినిపిస్తాం, పిల్లలు తమ మాటల్లో చెబుతారు, బాగున్న మాటను నిలుపుకుంటాం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లీషు మీడియం బళ్లు పెరిగాక తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లలకే తెలుగు కాగితం చదవడం కష్టమైపోయింది. చాలాచోట్ల దీనికి దొరికిన మందు రికార్డింగు. పెద్దవాళ్లు స్టూడియోలో డైలాగులు చెప్పి, సంగీతం కలిపి ట్రాకు చేస్తారు. పిల్లలు వేదికెక్కి దానికి నోరు కదుపుతారు. యవనస్తుల కూటాల్లో, క్రిస్మసు కార్యక్రమాల్లో ఇదే పద్ధతి. జనం వేలల్లో ఉన్నప్పుడు వినపడుతుందన్నది నిజమే. సిగ్గరి పిల్లలకు భయముండదన్నదీ నిజమే. కానీ పన్నెండేళ్ల దావీదుకు నలభై ఏళ్ల గొంతు పెట్టి, వాడి పెదవులు రెండు మాటలు వెనకబడి కదులుతుంటే నాకు గొల్యాతు మీదే జాలేస్తుంది. మే నెలలో కరెంటు పోతే కథ అక్కడితో సరి.

జాషువా గారు వయసులో ఉండగా రాజమండ్రిలో మూకీ సినిమాలకు వ్యాఖ్యాతగా పనిచేశారు. తెర మీది మూగబొమ్మలకు మాటలు చెప్పడం ఆయన ఉద్యోగం. బొమ్మలకే మనిషి గొంతు కావాలని డబ్బిచ్చి మనిషిని పెట్టుకున్న రోజులవి. మన పిల్లలకు గొంతులున్నాయి, డబ్బు కూడా అక్కర్లేదు. వాటిని వాడుకోకపోవడం ఏం పొదుపో నాకర్థం కాదు.

గొంతు సాధన కూడా పెద్ద విద్యేమీ కాదు. పిల్ల వేపచెట్టు కింద నిలబడుతుంది, మిగతావాళ్లం గంటస్తంభం దగ్గరికి వెళతాం. మాట అక్కడికి చేరాలి. అరవకూడదు, చివరి అక్షరం మింగకూడదు. తల్లితో కలిసి ఆకుకూరల గంప వెంట వీధుల్లో తిరిగే ఓ పిల్ల మొదటి రోజే సాధించింది. 'తోటకూరా, గోంగూరా' అని మేడ మీదికి వినిపించిన గొంతు అది. యోనా కథలో నీనెవె పట్టణంలో రాజు ఆజ్ఞను చాటే భటుడి వేషం ఆ పిల్లకే అని అప్పుడే అనుకున్నాం. మైకు ఒకటే పెడితే అందరూ దాని చుట్టూ మూగి జనానికి వీపు చూపిస్తారు కాబట్టి ప్రార్థనకూ ప్రసంగానికే మైకు. నాటకం మొదలవగానే దాన్ని పక్కకు జరుపుతాం. మైకు అద్దెకిచ్చే అతనికి ఇది ఏటా అవమానంగానే ఉంటుంది.

ఈ మే నెలకు యోనా కథ తీస్తున్నాం. ఓడకు గుడి పాత బల్లలు ఉన్నాయి, తెరచాపకు స్త్రీల సమాజం దుప్పటి ఇస్తామంది. దూది గడ్డాలన్నీ మార్చాలి, పాతవి ఇక ఉతుక్కి ఆగవు. ఇళ్లలో తెల్ల పంచెలు పాతవి ఉంటే గుడి ఆఫీసులో ఇచ్చి వెళ్లండి. చేప కడుపులోకి యోనాతోపాటు తామూ వెళతామని బిగినర్స్ క్లాసు మొత్తం పట్టుబట్టి కూర్చుంది. అందుకు సరిపడా చేపను కుట్టగలిగిన టైలరు గారెవరైనా ఉంటే నన్ను కలవగలరు.