డ్రెడ్జర్ జాడ: ఏఐఎస్ దారి చెప్పేది, చెప్పలేనిది

నైరుతి రుతుపవనాల కాలంలో తీరం వెంబడి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుకను విశాఖపట్నం ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు అడ్డుకుంటాయి. అటుపక్క రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందుకే ఇక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి బీచ్ వైపు పోస్తారు. ఎంత తీశారు, ఎక్కడ పోశారు అని బయటి పరిశోధకుడు అడిగితే సులువుగా చేతికందే ఆధారం ఏఐఎస్, అంటే ఓడ వీహెచ్ఎఫ్ రేడియోలో తనంతట తాను పంపే గుర్తింపు, స్థానం, వేగం వివరాలు. ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పెద్ద ఓడల్లో ఉండే క్లాస్ ఏ పరికరం, ఓడ నడుస్తున్నప్పుడు వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసినప్పుడు 3 నిమిషాలకోసారి సమాచారం పంపుతుంది. పూడిక తీసే, నీటి అడుగున పనిచేసే ఓడలకు కేటాయించిన సంకేత సంఖ్య 33. ఇంతవరకు పేచీ లేదు.

చూషణ గొట్టాన్ని అడుగున ఈడ్చుకుంటూ సాగే ట్రెయిలింగ్ సక్షన్ హాపర్ డ్రెడ్జర్ జాడ చదవడానికి అనువుగా ఉంటుంది. ఇసుక పీల్చేటప్పుడు అది రెండు మూడు నాట్లకు మించకుండా ఒకే మేరలో అటూ ఇటూ తిరుగుతుంది. హాపర్ నిండాక వేగం పెంచి పారబోసే చోటికి పోతుంది, అడుగు తలుపులు తెరిచి ఖాళీ చేసి వెనక్కి వస్తుంది. వేగాన్ని గ్రాఫుగా గీస్తే ఈ వంతులు మెట్లలా కనబడతాయి. తీరం మీదికి పంపు చేసే పనైతే పారబోత దగ్గర ఆగుడు చాలాసేపు సాగుతుంది. కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ సంగతి వేరు: నేలలో దిగిన స్తంభం చుట్టూ ఊగుతూ పనిచేసే ఆ ఓడ జాడ పటం మీద ఒక మచ్చగానే మిగులుతుంది.

మెల్లగా కదలడమొక్కటే తవ్వకానికి రుజువు కాదు. పైలట్ కోసం ఎదురుచూసే ఓడ కూడా మెల్లగానే కదులుతుంది. ఓడ ఎంత లోతు మునిగిందో తెలిపే అంకెను సిబ్బంది చేత్తో నమోదు చేస్తారు. మార్చడం మరిస్తే పాతదే ప్రసారమవుతుంది. కాబట్టి దాన్నిబట్టి బరువు లెక్కగట్టడం సాహసమే.

ఈ లోటు తెలిసే బ్రిటన్‌లో క్రౌన్ ఎస్టేట్ 1993 నుంచి తన లైసెన్సులపై ఇసుక, కంకర తీసే ఓడలకు వేరే నిఘా పరికరం తప్పనిసరి చేసింది. తవ్వకం సాగుతున్నంతసేపూ అది తేదీ, సమయం, స్థానాలను 30 సెకన్లకోసారి నమోదు చేస్తుంది. అమెరికా సైనిక ఇంజినీర్ల విభాగం పద్ధతి ఇంకాస్త లోతుకు పోయి హాపర్‌లోని మట్టాన్ని, గొట్టం కొస లోతును కూడా అడుగుతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2023లో ప్రారంభించిన మెరైన్ శాండ్ వాచ్ మాత్రం ఏఐఎస్‌నే నమ్ముకుంది. సముద్రాల నుంచి ఏటా 400 కోట్ల నుంచి 800 కోట్ల టన్నుల దాకా ఇసుక, తదితర అవక్షేపాలను తీస్తున్నారని అంచనా కట్టింది. పై అంకె కింది అంకెకు రెట్టింపు! ప్రపంచ స్థాయిలో ఇది హెచ్చరికగా పనికొస్తుంది గానీ, ఒక రేవు బిల్లును ఇలాంటి లెక్కతో తేల్చలేం.

విశాఖలాంటి చోట ఏఐఎస్‌ను టన్నుల కోసం కాక వంతుల కోసం వాడుకోవాలన్నది నా వాదన. డ్రెడ్జర్ లాగ్‌లో రాసిన ఒక్కో వంతుకూ పటం మీద ఒక రాకపోక ఉండాలి. వంతుల సంఖ్య కుదిరాకే హాపర్ కొలతలను, తవ్వకానికి ముందూ వెనుకా తీసిన లోతు సర్వేలను పోల్చాలి. కుదరకపోతే పరిమాణం మీద చర్చకు దిగేముందు ఆ లాగ్‌నే ప్రశ్నించాలి.