సిల్లీ, కుందేలు, నమ్మకం

“ఇంత సిల్లీగా ఎలా నమ్మావు నాన్నా?” పోయినేడు నాన్న ఎవడికో ఫోన్లో ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. “మర్యాదగా మాట్లాడాడ్రా” అని ఊరుకున్నాడాయన. ఆ ‘సిల్లీ’ చాన్నాళ్ళు నన్ను వదల్లేదు. చివరికి దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను.

పాత ఇంగ్లీషులో దాని రూపం ‘సేలిగ్’. ధన్యుడు, దైవకృప ఉన్నవాడు అని అర్థం. తర్వాత అమాయకుడయ్యాడు, ఆ తర్వాత జాలిపడదగ్గవాడు, పదహారో శతాబ్దం వచ్చేసరికి తెలివితక్కువవాడు. మన ‘అమాయకుడు’ కథా ఇలాంటిదే. మాయ లేనివాడు అన్న మెచ్చుకోలు, ‘వాడొట్టి అమాయకుడు’ అనేసరికి చులకనైపోతుంది.

ఆ శతాబ్దం చివర్లోనే, 1591లో, రాబర్ట్ గ్రీన్ లండన్ మోసగాళ్ళ గుట్టు విప్పుతూ కరపత్రాలు అచ్చువేశాడు. వాళ్ళ భాషలో మోసపోయేవాడు ‘కోనీ’, అంటే కుందేలు. పల్లె నుంచి కొత్తగా వచ్చినవాణ్ని మాటల్లో పెట్టి, తాగించి, పేకాటకి కూర్చోబెట్టి ఉన్నదంతా ఊడ్చేసేవాళ్ళు. 1609లో థామస్ డెకర్ పుస్తకం పేరులో అదే మనిషి ‘గల్’ అయ్యాడు. ఈకలు రాని పక్షిపిల్లని కూడా ‘గల్’ అనేవారు. ‘గల్లిబుల్’ ఆ గూటిదే. ఇక ‘హుడ్‌వింక్’ అంటే మొదట్లో నిజంగానే ముసుగుతో కళ్ళు కప్పడం. మనవాళ్ళు టోపీ నెత్తిన పెట్టి వదిలేస్తారు, వాళ్ళు కళ్ళదాకా లాగారు.

1849లో న్యూయార్క్‌లో విలియం థామ్సన్ అనేవాడు పట్టుబడ్డాడు. దర్జాగా తయారై, పాత పరిచయస్తుడిలా పలకరించి, రేపటిదాకా మీ గడియారం నా చేతిలో ఉంచేంత నమ్మకం నా మీద ఉందా అని అడిగేవాడు. ఇచ్చేవాళ్ళు. పత్రికలు వాడికి ‘కాన్‌ఫిడెన్స్ మ్యాన్’ అని పేరు పెట్టాయి. ఇవాళ్టి ‘కాన్’ అదే. 1857లో మెల్విల్ ఆ పేరుతోనే నవల రాశాడు. అది విడుదలైంది ఏప్రిల్ 1న.

కుందేలూ పక్షిపిల్లా మోసపోయినవాణ్ని వెక్కిరించే పేర్లు. ఈ పేరు మాత్రం మోసగాడు దేన్ని వాడుకుంటాడో చెబుతుంది. మన ‘నమ్మించి గొంతు కొయ్యడం’లోనూ తప్పెవరిదో తెలుస్తూనే ఉంటుంది.

నాన్నకి ఇదంతా చెప్పి సారీ చెప్పాను. నవ్వాడు. ఇప్పుడు మాత్రం తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడు, కొరియర్ కుర్రాడు గేటు దగ్గర నిలబడి చేస్తున్నా సరే.