కూలికి గీసిన గీతలు: తెలుగు అద్భుత కథ, బొమ్మల సినిమా – ఒక సింహావలోకనం

1932 ఫిబ్రవరి 6న తెలుగు తెరకు మాటలొచ్చాయి. ఆ రోజు అది చెప్పిన కథ ప్రహ్లాదుడిది. 2025 జూలై 25న ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. అదీ ప్రహ్లాదుడి కథే, కాకపోతే ఇందులో నటులు కనిపించరు, అన్నీ కంప్యూటర్ బొమ్మలే. పోస్టరు మీద హీరో లేకపోతే తెలుగువాడు టికెట్ కొనడన్న పాత మాట ఆ సినిమాతో వీగిపోయింది. హాళ్లు నిండాయి, నెలల పిల్లల్ని చంకనేసుకుని కూడా వచ్చారు.

ఈ ఇద్దరు ప్రహ్లాదుల మధ్య తొంభై మూడేళ్ల దూరం. ఇన్నాళ్లకు పురాణం బొమ్మై గెలిచింది, సంతోషమే. కానీ పురాణం కాని అద్భుత కథలు మనకు బోలెడున్నాయి. కాశీమజిలీ కథలున్నాయి, చందమామ సీరియళ్లున్నాయి. టోల్కీన్, కిప్లింగ్, బారీ రాసినవి ఎప్పుడో బొమ్మల సినిమాలయ్యాయి. మనవి ఎందుకు కాలేదు? మనకు కథకులు కరువా, చిత్రకారులు కరువా, పనిమంతులు కరువా? వెనక్కి తిరిగి చూస్తే ఈ మూడింటిలో ఏదీ కరువు కాదని తేలుతుంది.

ఈ చూపుకు నాయుడుపేట మంచి చోటు. స్వర్ణముఖి ఒడ్డున, గూడూరు నుంచి చెన్నై వెళ్లే రైలు దారిలో ఉన్న ఊరు. 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి పోయినా మాటతీరు నెల్లూరుదే. ఉత్తరాన నెల్లూరు జిల్లాలో తోలుబొమ్మల పల్లెలు, దక్షిణాన వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఒకప్పుడు తెలుగు సినిమానూ చందమామనూ కన్న మద్రాసు. మన కథ చాలావరకు ఈ దారి మీదే నడిచింది.

తోలుబొమ్మ, నల్ల అట్ట

తోలుబొమ్మల పనికి పేరున్న ఊళ్లలో నెల్లూరు జిల్లా డి.సి.పల్లి ఒకటి. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, దీపం వెలుగు అవతలికి తెలిసేంత పలచన చేస్తారు. కిరీటానికి, హారాలకు, చీర అంచుకు సన్నని చిల్లులు కొడతారు. తెర మీద వెలుగుచుక్కలై నగల్లా మెరిసేవి ఆ చిల్లులే. భుజం, మోచెయ్యి, మణికట్టు విడివిడి ముక్కలుగా కోసి దారంతో ముడేస్తారు. బొమ్మ చెయ్యెత్తాలంటే ఎముకలున్నట్టే వంగాలి. వెనక దీపం, ముందు తెల్లటి తెర, తెల్లవార్లూ రామాయణం, మధ్యమధ్య నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క.

జర్మనీలో లొట్టె రైనిగర్ అనే యువతి 1923లో మొదలుపెట్టి 1926లో ‘ప్రిన్స్ అక్మెద్ సాహసాలు’ విడుదల చేసింది. నేటికి మిగిలిన పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లో అదే అన్నిటికన్నా పాతది. కథ అరేబియన్ నైట్స్‌ది. నల్ల అట్టను కత్తెరతో కోసి, కీళ్ల దగ్గర తీగతో కలిపి, కింద దీపమున్న గాజుబల్ల మీద పరిచి, వెంట్రుకవాసి జరిపి ఒక బొమ్మ, మళ్లీ జరిపి ఇంకో బొమ్మ తీసింది. డిస్నీ ‘స్నోవైట్’ రావడానికి ఇంకా పదకొండేళ్లుంది.

కీలున్న బొమ్మ, వెనక వెలుగు, మాయల కథ – రైనిగర్ దగ్గరున్న సరుకంతా మన తోలుబొమ్మలాటవాళ్ల దగ్గరా ఉంది. పైగా వాళ్ల నీడలకు రంగులు కూడా ఉన్నాయి. లేనిదల్లా పైన వేలాడే కెమెరా, మూడేళ్లు ఓపిక పట్టి డబ్బు పెట్టే మనిషి. ఆ రెండో లోటు ఈ చరిత్రలో పదేపదే ఎదురవుతుంది.

ఒకే గడపలో కథ, బొమ్మ, స్టూడియో

మద్రాసులో తెలుగువాళ్లు మాయను కెమెరా కన్నుతోనే సాధించారు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల్లోని ఒక కథను ఆధారం చేసుకుని 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. రచన పింగళి నాగేంద్రరావు, దర్శకత్వం కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లీ. 1957లో అదే జట్టు ‘మాయాబజార్’ తీసింది. అందులో గింబళి దానంతటది చుట్టుకుంటుంది, తల్పం ఎక్కినవాణ్ణి దొర్లించేస్తుంది, లడ్లు ఎగిరొచ్చి ఎస్.వి.రంగారావు నోట్లో పడతాయి. ప్రాణం లేని వస్తువును కొంచెంకొంచెంగా కదిలించి ప్రాణమున్నట్టు భ్రమింపజేయడమే యానిమేషన్‌కు మూలసూత్రం. ఆ సూత్రం తెలుగు సినిమాకు అప్పటికే కరతలామలకం.

అదే 1957లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్ జాతకకథ ఆధారంగా ‘ది బ్యానియన్ డీర్’ అనే చిన్న బొమ్మల చిత్రం తీసింది. అక్కడివాళ్లకు పని నేర్పింది డిస్నీ నుంచి వచ్చిన క్లెయిర్ వీక్స్. మద్రాసులోని మన నిర్మాతలు మాత్రం పూర్తి నిడివి బొమ్మల సినిమా జోలికి పోలేదు.

పోకపోవడానికి కారణం లెక్కల్లో ఉంది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర సినిమాకు 1,29,600. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు వాడుకుని పొదుపు చేసినా దాదాపు 65 వేల బొమ్మలు చేత్తో గీయాలి. ఎన్.టి.రామారావు కత్తి పట్టి నిలబడితే చాలు, జనం వచ్చే రోజులవి. ఆ తర్వాత విఠలాచార్య తక్కువ ఖర్చులో దెయ్యాల్నీ మాంత్రికుల్నీ ఆడించి మరీ చూపించాడు. ఇక గీతల మీద డబ్బు పోసేదెవరు?

ఇందులో అసలు చిత్రం ఒకటుంది. ‘పాతాళభైరవి’ తీసిన విజయా సంస్థ అధినేతలు నాగిరెడ్డి, చక్రపాణే 1947 జూలైలో చందమామ పిల్లల మాసపత్రిక మొదలుపెట్టారు. 1954లో అందులో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. కుండలినీ ద్వీపం, సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు – వాళ్లకు ‘చిత్ర’ అనే టి.వి.రాఘవన్ వేసిన బొమ్మలు. తర్వాత ‘మకరదేవత’, ‘జ్వాలాద్వీపం’, ‘రాతి రథం’, ‘యక్షపర్వతం’ వరసపెట్టి వచ్చాయి. ఆ వికృతాకారాలను, పడవలను, కొండకోనలను చిత్ర చెరగని ముద్రల్లా పిల్లల కళ్లలో దింపేశారు. ప్రతి భాగం సరిగ్గా ఊపిరి బిగపట్టే చోట ఆగిపోయేది. మిగతా కథ కోసం నెల్లాళ్లు కాచుకోవాల్సిందే.

అద్భుత కథ రాసే రచయిత, దాన్ని గీసే చిత్రకారుడు, సినిమా తీసే స్టూడియో ఒకే యాజమాన్యం నీడన ఉన్నారు. ప్రపంచంలో ఇలాంటి యోగం ఎన్ని సంస్థలకు పడుతుంది? అయినా చిత్ర గీసిన ఏకాక్షి అచ్చుకాగితం మీదే ఉండిపోయాడు. చందమామ పేరుతో ఒక జానపదం తెర మీదికి వచ్చింది 1994లో, చందమామ–విజయా కంబైన్స్ ‘భైరవద్వీపం’తో. అదీ నటులతో తీసిన సినిమానే. దాని దర్శకుడి గురించి కాసేపట్లో మాట్లాడుకుందాం.

టాప్‌క్రాఫ్ట్ నేర్పిన పాఠం

ఈలోగా ప్రపంచం ఏం చేసింది? డిస్నీ ‘ఆలిస్’ను 1951లో, ‘పీటర్ పాన్’ను 1953లో, కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ను 1967లో పాటలతో తీపి చేసి వడ్డించింది. 1970ల్లో గాలి మారింది. 1978లో ‘వాటర్‌షిప్ డౌన్’ కుందేళ్ల కథలో నెత్తురు చూపించింది. అదే ఏడు రాల్ఫ్ బక్షి ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ తీశాడు. ముందు నటులతో చిత్రీకరించి, ఆ ఫ్రేముల మీద గీతలు దిద్దే రోటోస్కోప్ పద్ధతి వాడాడు. కథ సగంలో ఆగింది, రెండో సగం రానేలేదు. పెద్ద నవలను సగం చెప్పి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి నేటికీ అదే ఉదాహరణ.

మనకు పనికొచ్చే కథ మాత్రం ఇంకొకటి. 1977లో అమెరికా టీవీ కోసం రాంకిన్–బాస్ సంస్థ టోల్కీన్ ‘హాబిట్’ తీసింది. 1982లో పీటర్ బీగల్ నవల ‘ద లాస్ట్ యూనికార్న్’ తీసింది. రెంటికీ బొమ్మలు గీసింది అమెరికాలో కాదు, టోక్యోలోని టాప్‌క్రాఫ్ట్ అనే స్టూడియోలో. కథ పరాయిది, డబ్బు పరాయిది, చెయ్యి మాత్రం వాళ్లది. 1984లో అదే స్టూడియోలో హయావో మియజాకి తన సొంత కథ ‘నౌసికా’ తీశాడు. మరుసటేడు టాప్‌క్రాఫ్ట్ మూతపడింది, అక్కడివాళ్లలో పలువురు కొత్తగా పుట్టిన జిబ్లీ స్టూడియోకు చేరారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ జిబ్లీయే డయానా విన్ జోన్స్ ఇంగ్లీషు నవలను ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’గా తన పద్ధతిలో మలుచుకుంది. కూలికి గీసిన చెయ్యి సొంత కథ గీసి, ఆపైన పరాయి కథను కూడా తనది చేసుకుంది.

ఈ మెట్లు మనం ఎంతవరకు ఎక్కామన్నదే ఇక చూడాల్సింది.

ఉదయగిరి నుంచి వచ్చినాయన

సింగీతం శ్రీనివాసరావు 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టారు. కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా ‘మాయాబజార్’కు పనిచేశారు. అంటే లడ్లు ఎగిరిన సెట్లో ఆయనున్నారు. 1991లో హెచ్.జి.వెల్స్ కాలయంత్రం ఊహను తీసుకుని రాయలవారి కొలువులోకి నడిపిన ‘ఆదిత్య 369’ ఆయనదే. ‘భైరవద్వీపం’ కూడా ఆయనదే. జానపదాన్ని కొత్త తరానికి అందించిన మనిషి ఎవరంటే ముందు ఆయన పేరే చెప్పాలి.

డెబ్బై దాటాక ఆయన బొమ్మల సినిమా వైపు తిరిగారు. చెన్నైలోని పెంటామీడియా గ్రాఫిక్స్ అప్పటికే 2000లో ‘సింద్‌బాద్: బియాండ్ ద వీల్ ఆఫ్ మిస్ట్స్’ను మోషన్ కాప్చర్‌తో తయారుచేసింది. నటుడి ఒంటికి గుర్తులు అతికించి ఆ కదలికను కంప్యూటర్ బొమ్మకు ఎక్కించడమే మోషన్ కాప్చర్. బక్షి రోటోస్కోప్‌కు మనవరాలన్న మాట. అదే సంస్థకు సింగీతం 2003లో ‘సన్ ఆఫ్ అలాదిన్’ తీసిపెట్టారు. రైనిగర్ అందుకున్న అరేబియన్ నైట్స్ ఖజానాలోంచే మళ్లీ ఒక కథ.

2008లో షెమారూ, సన్ యానిమాటిక్స్ కోసం ఆయన ‘ఘటోత్కచ్’ తీశారు. రంగారావు పాత్ర పసివాడై గీతల్లో గంతులేసింది. ‘మాయాబజార్’కు యాభై ఒకటో ఏట, ఆ సెట్లో నిలబడ్డ కుర్రాడే అదే ఘటోత్కచుణ్ణి కుంచెలోంచి మళ్లీ పుట్టించాడు. కానీ గమనించండి: డబ్బు ముంబయిది, లక్ష్యం దేశమంతటి మార్కెట్టు, తెలుగు అందులో ఒక భాష మాత్రమే. తెలుగు జానపదాన్ని బొమ్మల్లోకి తేగల దర్శకుడు మనకుండగా, ఆయనతో ఆ పని చేయించుకున్నది తెలుగు నిర్మాతలు కాదు.

హైదరాబాద్ బల్లలు

తెలుగులో తొలి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా 2006లో వచ్చింది. బి.సత్య దర్శకత్వంలో ‘కిట్టు’, ఒక కోతిపిల్ల కథ. 54వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా నిలిచింది. పురస్కారం దక్కినా దాని వెనక ఇంకో పది రాలేదు.

రానిది పనివాళ్లు లేక కాదు. హైదరాబాద్‌లోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ విదేశీ టీవీలకు వరసగా బొమ్మలు చేసింది. 2010లో కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ను, ఆ తర్వాత ‘పీటర్ పాన్’ను టీవీ సీరియళ్లుగా మలచడంలో ముందున్నది ఆ సంస్థే. మోగ్లీ మన దేశపు అడవిలో తిరిగే పిల్లాడు, అతన్ని కల్పించింది ఇంగ్లీషువాడు, కంప్యూటర్లో కదిలించింది హైదరాబాద్ పిల్లలు, చూసింది యూరప్ పిల్లలు. 2001లో రాజీవ్ చిలకా పెట్టిన గ్రీన్ గోల్డ్ ఒక మెట్టు ఎక్కింది. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ సొంత కల్పన, దేశమంతా చూసింది. అయితే భీమ్ ఉండే ఢోలక్‌పూర్‌లో వినిపించే తెలుగు డబ్బింగ్ తెలుగే.

2024లో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’, ‘కల్కి’కి ముందుకథగా ‘బుజ్జి అండ్ భైరవ’ వచ్చాయి. అవి ఆడే సినిమాకు తోకలు, తమంత తాముగా నిలబడే కథలు కావు.

ఇక చేయాల్సింది

వందేళ్ల లెక్క తీస్తే మనకు తగిలింది ప్రతిభ కొరత కాదు, యాజమాన్యం కొరత. కూలికి గీసినంతకాలం బొమ్మ మీద హక్కు డబ్బు పెట్టినవాడిది. టాప్‌క్రాఫ్ట్‌కు మలుపు తెచ్చింది కథ చేతిలో ఉన్న మియజాకి. మన స్టూడియోల దగ్గర చేతులున్నాయి, కథ లేదు. కథలున్న చందమామ 2007లో ముంబయి కంపెనీ జియోడెసిక్ చేతికి పోయి, కొన్నేళ్లకే ఆగిపోయింది. పురాణాలనే అందరూ పట్టుకోవడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, వాటికి హక్కుల బేరం లేదు, కథ పరిచయం చేసే ఖర్చూ లేదు.

అయితే కాశీమజిలీ కథలకూ హక్కుల బెడద లేదు. దీక్షితులు పోయి తొంభై ఏళ్లు దాటింది, చట్టం ఇచ్చే అరవై ఏళ్ల గడువు ఎప్పుడో తీరింది. పైగా ఆ పుస్తకం కట్టడమే సీరియల్‌కు తగినది. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరాడు. వెంట వచ్చిన గొల్లపిల్లాడి షరతు ఒక్కటే: మజిలీకో కథ చెప్పాలి. పిల్లాడు ఆ ఊళ్లో చూసిన వింత గురించి అడుగుతాడు, యతి తన దగ్గరున్న మణి మహిమతో దాని వెనక కథ చెబుతాడు. మజిలీ ఒక భాగం, పిల్లాడు, యతి ఎప్పుడూ ఉండే పాత్రలు, కథ రోజుకొకటి. అంతా చెప్పలేక బక్షిలా సగంలో చిక్కుకునే ప్రమాదం కూడా లేదు.

ప్రేక్షకుడు సిద్ధంగా ఉన్నాడని 2025 రుజువు చేసింది. సూళ్లూరుపేట దగ్గర 2019లో కట్టిన వంద అడుగుల తెర మా నాయుడుపేట నుంచి అరగంట దారి, చూపించేందుకు తెరల కొరతా లేదు. ఇక తేలాల్సింది ఒకటే: హైదరాబాద్‌లో ఏ నిర్మాతైనా మొదటి మజిలీకి డబ్బు పెట్టి, దాని హక్కు తన ఊళ్లోనే ఉంచుకుంటాడా అన్నది. అది జరిగేదాకా మన చేతులు ఇతరుల మోగ్లీలను పరిగెత్తిస్తూనే ఉంటాయి.